పాత పెట్రోల్ బండి ఇగ్నిషన్, 4వ పాఠం: ప్లగ్ వైర్లు ఎలా ఎంచుకోవాలి

పోయిన పాఠం చదివి మల్టీమీటర్ పట్టుకున్నవాళ్లలో కొంతమంది మంచి వైర్లు తీసి పారేశారు. తప్పు నాదే. కరెంటును వంతులవారీగా ఒక్కో సిలిండర్‌కు పంచే డిస్ట్రిబ్యూటర్ నుంచి స్పార్క్ ప్లగ్గుకు వెళ్లే ప్లగ్ వైరును ఈ కొస నుంచి ఆ కొసకు కొలవమన్నాను కానీ, ఎంత రావాలో చెప్పలేదు. ఇంట్లో స్విచ్ బోర్డు వైరుకు మీటర్ పెడితే దాదాపు సున్నా చూపిస్తుంది. ప్లగ్ వైరుకు ఆరు వేల ఓమ్‌లు చూపించేసరికి చంద్రగిరి నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, నాలుగు వైర్లూ పోయినాయి, కొత్త సెట్టు తెచ్చేసినా" అన్నాడు. కొత్తవి కూడా కొలిచి చూడమన్నాను. కొలిచాడు. ఆరు వేలకు అటూ ఇటూగా అవే అంకెలు. అతని పాత వైర్లకు ఏ జబ్బూ లేదు. అందుకే ఈసారి కొనడం గురించి మొదలుపెట్టే ముందు ఆ లెక్క తేల్చేస్తాను.

మారుతి వ్యాన్, జిప్సీ లాంటి బండ్లలో కంపెనీ వేసిన ప్లగ్ వైరు లోపల రాగి ఉండదు. కార్బన్ పట్టించిన సన్నని దారం ఉంటుంది. దానికి రెసిస్టెన్స్, అంటే కరెంటును అడ్డుకునే గుణం, కావాలనే పెడతారు. అది లేకపోతే రవ్వ ఎగిరినప్పుడల్లా రేడియోలో గరగర వస్తుంది, కంప్యూటర్ లెక్కతో పెట్రోల్ చిమ్మే ఎంపీఎఫ్ఐ బండ్లలో అయితే ఆ కంప్యూటర్ కూడా తికమక పడొచ్చు. "మరి అంత రెసిస్టెన్స్ ఉంటే రవ్వ బలం తగ్గదా?" అని అడిగారు. తగ్గదు. ప్లగ్ గ్యాప్‌లో రవ్వ దూకేదాకా వైరులో కరెంటు దాదాపు పారదు. పారనప్పుడు రెసిస్టెన్స్ ఏమీ తినదు, బ్యాటరీ ఓల్టేజ్‌ను వేలల్లోకి పెంచే కాయిల్ ఇచ్చిన ఓల్టేజ్ మొత్తం గ్యాప్ దాకా చేరుతుంది. దూకిన తర్వాత నిలబడే రవ్వలో పారేది ఏ 50 మిల్లీ ఆంపియర్లో. పది వేల ఓమ్‌ల వైరైనా అప్పుడు తినేది 500 ఓల్టులు. దూకడానికే పది, పదిహేను వేల ఓల్టులు పెట్టే చోట అది లెక్కలోకి రాదు.

నేను పట్టుకునే లెక్క మీటరు పొడవుకు 10 నుంచి 22 కిలో ఓమ్‌లు. వైరు 50 సెంటీమీటర్లు ఉంటే 5 నుంచి 11 కిలో ఓమ్‌లు రావాలి. 35 సెంటీమీటర్ల వైరుకు మూడున్నర నుంచి ఏడున్నర దాకా సరే. ఒకే సెట్టులో పొడుగు వైరు ఎక్కువ, పొట్టి వైరు తక్కువ చూపిస్తే కంగారు పడొద్దు, అలాగే ఉండాలి. పొట్టి వైరు పొడుగు వైరు కంటే ఎక్కువ చూపిస్తే మాత్రం దాన్ని అనుమానించండి. మీటర్ 20కె, అంటే 20 కిలో ఓమ్‌ల దగ్గర పెట్టండి. 200 దగ్గర పెట్టి, ఎడమ పక్కన ఒంటరిగా "1" కనబడితే ఒక ఓమ్ అనుకున్నవాళ్లు ఇద్దరున్నారు. అది ఒక ఓమ్ కాదు, "నా కొలతకు అందడం లేదు" అని మీటర్ చెప్పడం.

ఇంకొకాయన పీలేరు నుంచి, "నా పికప్‌లో ఈ వైర్లు ఎక్కడా కనబడలేదు" అన్నారు. అది డీజిల్ బండి. డీజిల్‌కు స్పార్క్ ప్లగ్గే ఉండదు, వైరు ఎక్కడి నుంచి వస్తుంది? ఈ పాఠాలన్నీ డిస్ట్రిబ్యూటర్ ఉన్న పెట్రోల్ బండ్లకు మాత్రమే.

ఇక కొనడం. పొడవు, రెండు కొసల ఆకారం పాతదానితో సరిపోవాలి. అందుకే పాత వైర్లు సంచిలో వేసుకొని షాపుకు వెళ్లండి. "జిప్సీ వైర్లు" అని అడిగితే చాలదు. 1985లో వచ్చిన జిప్సీ ఇంజను 970 సీసీ, 1996 నుంచి 1300 సీసీ. ఇంజను మారితే ప్లగ్ ఉండే చోటు మారుతుంది, వైరు మారుతుంది. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ నడిమధ్యకు వచ్చే వైరును మర్చిపోకండి. మూడు సిలిండర్ల మారుతి వ్యాన్‌కు మూడు కాదు, నాలుగు వైర్లు కావాలి. ఆ నాలుగోది ప్రతి రవ్వకూ పనిచేస్తుంది కాబట్టి అన్నిటికంటే ఎక్కువ కష్టపడేది అదే.

పాత పెట్రోల్ జీపులు, అంబాసిడర్ల సంగతి వేరు. వాటిలో రాగి వైరు ఉంటుంది, మీటర్ దాదాపు సున్నా చూపిస్తుంది, అక్కడ సున్నా మంచిదే. రేడియో గోల వద్దనుకుంటే రెసిస్టర్ ఉన్న ప్లగ్ వేయండి. ఎన్‌జీకే ప్లగ్ మీద బీపీ6ఈఎస్ అని ఉంటే రెసిస్టర్ లేదు, బీపీఆర్6ఈఎస్ అని ఉంటే ఉంది. ఆ 'ఆర్' ఒక్కటే తేడా. బాష్‌లోనూ అంతే, డబ్ల్యూ7డీసీ, డబ్ల్యూఆర్7డీసీ.

ఇప్పుడు నాకు కోపం తెప్పించే విషయానికి వస్తాను. మందం.

షాపులో ఎర్రగా, లావుగా, నిగనిగలాడుతూ ఒక సెట్టు వేలాడుతుంటుంది. దాని మీద ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు అని రాసి ఉంటుంది. పక్కనే ఏడు మిల్లీమీటర్ల మామూలు సెట్టు సగం ధరకు ఉంటుంది. లావుగా ఉన్నదానిలో కరెంటు ఎక్కువ పోతుందని, బండి బాగా లాగుతుందని కొనేస్తారు. మనకు ఆ అలవాటు బోరు మోటారు నుంచి వచ్చింది. అక్కడ లావు కేబుల్ అంటే లోపల లావు రాగి, అది నిజమే. ప్లగ్ వైరు అలాంటిది కాదు. ఆ ఎనిమిదిన్నర పై తొక్కతో కలిపిన కొలత. లోపలి దారం లావు గురించి అది ఒక్క మాట కూడా చెప్పదు.

నమ్మకం కుదరక ఒకసారి నేనే కోసి చూశాను. ఒక జిప్సీకి ఆ ఎర్ర సెట్టు వేయించుకొని, ఘాట్ ఎక్కేటప్పుడు మిస్ కొడుతోందని, అంటే మధ్యమధ్యలో రవ్వ తప్పి ఇంజను కుదుపుతోందని, నా దగ్గరికి తెచ్చారు. విప్పిన వైరును బానెట్ మీద పెట్టి బ్లేడుతో నిలువునా చీల్చాను. పైన ఎర్ర తొక్క, దాని కింద తెల్లటి నూలు అల్లిక, దాని లోపల మళ్లీ రబ్బరు. అన్నిటి నడుమ, మల్లెపూలు కట్టే దారమంత నల్లటి పోగు ఒకటి. వేలితో రుద్దితే మసి అంటింది. పక్కన పాత ఏడు మిల్లీమీటర్ల వైరు చీల్చి పెట్టాను. అదే పోగు, అదే లావు. తేడా అంతా తొక్కలోనే ఉంది.

తొక్క లావైతే ఇన్సులేషన్ ఎక్కువేగా అంటారు. నిజమే, కానీ మన మామూలు కాయిల్‌కు మంచి ఏడు మిల్లీమీటర్ల సిలికాన్ తొక్క చాలు. లావు వైరుతో వచ్చే ఇబ్బంది వేరే ఉంది. ఇంజను మీద వైర్లను పట్టి ఉంచే క్లిప్పులన్నీ ఏడు మిల్లీమీటర్లకే చేసి ఉంటాయి. లావుది వాటిలో ఇమడదు, వేలాడి ఎగ్జాస్ట్ మీదికి వాలుతుంది. ఆ జిప్సీలో జరిగింది అదే. మూడో సిలిండర్ వైరు ఎగ్జాస్ట్‌కు తగిలి, అరంగుళం మేర కాలి ఉంది. దానికి తోడు వైరు కొసన ఉండే క్యాప్ బిరుసుగా ఉండి ప్లగ్ మీద టక్కుమని కూర్చోలేదు. కూర్చోని క్యాప్ ముందు ఎంత లావు వైరైనా దండగే.

అయితే దేన్ని చూసి కొనాలి? తొక్క సిలికాన్‌దా అని చూడండి. మారుతి వ్యాన్‌లో ఇంజను సీటు కింద ఉడుకుతుంటుంది, మన తిరుపతి మే నెల ఎండ దానికి తోడు. మామూలు రబ్బరు రెండు మూడేళ్లకే బిరుసెక్కి చిట్లడం నేను చూస్తూనే ఉన్నాను. సిలికాన్ 200 డిగ్రీల వేడిని తట్టుకుంటుంది, కానీ పదునైన అంచు తగిలితే సులువుగా చిరుగుతుంది, అందుకే వైరు పట్టి లాగకూడదు. క్యాప్ పట్టుకొని అర తిప్పు తిప్పి లాగాలి. నేను బూడిద రంగో, నీలమో తీసుకుంటాను. కరెంటు లీకైన చోట పడే నల్ల చార వాటి మీద కనబడుతుంది. షాపులో మీటరు లెక్కన కోసిచ్చే వైరు, విడిగా క్యాప్‌లు నేను జీపుకు తప్ప దేనికీ కొనను. కొసలు చేత్తో నొక్కినవి నాకు నమ్మకం లేదు.

ఎల్‌పీజీ కిట్ ఉన్నవాళ్లు ఒక మెట్టు ఎక్కువ జాగ్రత్తగా ఉండండి. గ్యాస్‌లో రవ్వ దూకడానికి పెట్రోల్ కంటే ఎక్కువ ఓల్టేజ్ కావాలి. పెట్రోల్ మీద బాగా నడిచి, గ్యాస్ మీద మిస్ కొడితే మొదట చూడాల్సింది ప్లగ్గులు, వైర్లే. ఘాట్‌లోనూ ఇలాంటిదే జరుగుతుంది. అలిపిరి దాటాక రెండో గేరులో యాక్సిలరేటర్ తొక్కితే సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, దూకాల్సిన ఓల్టేజ్ పెరుగుతుంది. కపిలతీర్థం రోడ్డులో కనబడని లీకు అక్కడ బయటపడుతుంది. షెడ్డులో ఐడ్లింగ్ విని "వైర్లు బాగున్నాయి" అనే మెకానిక్ మాట మీద నేను కొండ ఎక్కను.

అభ్యాసం కాస్త ఎక్కువే ఇస్తున్నాను, పోయినసారి తక్కువ ఇచ్చినందుకు. వైర్లు ఒక్కొక్కటే తీసి, ఒక్కొక్కటే పెట్టండి. అన్నీ ఒకేసారి పీకితే వరస తప్పుతుంది. సిలిండర్లలో రవ్వ పడే వరస మారుతి వ్యాన్‌కు 1-3-2, జిప్సీకి 1-3-4-2. నేను గోళ్ల రంగుతో ఒకటి, రెండు, మూడు చుక్కలు పెట్టుకుంటాను. ప్రతి వైరు పొడవు టేపుతో కొలిచి, రావాల్సిన ఓమ్‌లు ముందే నోటుబుక్కులో రాసి, ఆ తర్వాతే మీటర్ పెట్టండి. కొలుస్తూ వైరును మెల్లగా వంచండి, అంకె గెంతితే లోపల పోగు తెగినట్టే. బండిని అరగంట తిప్పొచ్చి, ఆపి, వేడి మీదే మళ్లీ కొలవండి. వరసగా మూడు రోజులు. నాలుగో రాత్రి లైట్లార్పి, గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి ఇంజను నడుపుతూ, ఇస్త్రీకి వాడే స్ప్రే సీసాతో వైర్ల మీద పలచగా నీళ్లు చల్లండి. చెయ్యి, కండువా, కొంగు దూరంగా ఉండాలి. నీలం వెలుగు ఎక్కడ పాకిందో ఆ వైరు నంబరు పక్కన టిక్కు పెట్టి, నోటుబుక్కు పేజీ ఫోటో తీసి పంపండి. అవి చూశాకే డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే రోటర్ పాఠం రాస్తాను.