ఒక్కరే అడల్ట్ విజువల్ నవల గేమ్ చేస్తున్నారా? ఓపెన్ వరల్డా, లీనియరా ఎలా తేల్చుకోవాలి

విజువల్ నవల అంటే బొమ్మలు, సంభాషణలతో కథ చదువుతూ ఆడే గేమ్. రాత, బొమ్మలు, కోడ్, టెస్టింగ్ అన్నీ ఒక్కరే చూసుకునే అడల్ట్ విజువల్ నవలలు సగంలో ఆగిపోవడం తరచూ చూస్తుంటాం. కథ బాగాలేక కాదు, మొదటి రోజే శక్తికి మించిన ఆకారం ఎంచుకోవడం వల్లే వాటిలో చాలా ఆగిపోతున్నాయని నా నమ్మకం. అందుకే ఆటగాడు ఇష్టమొచ్చిన చోటికి తిరిగే ఓపెన్ వరల్డా, కథ ఒకే వరుసలో సాగే లీనియరా అన్నది కంప్యూటర్ ముందు కూర్చోకముందే తేల్చుకోండి.

1. చీటీలు పరవండి

ముఖ్యమైన సన్నివేశాలను ఒక్కో చీటీ మీద రాసి నేల మీద పరవండి. వాటిని కలిపేసి, చేతికొచ్చిన వరుసలో చదవండి. అర్థం చెడకపోతే ఓపెన్ వరల్డ్ గురించి ఆలోచించవచ్చు. చెడితే మీది లీనియర్ కథే. అడల్ట్ గేమ్‌కు ఈ పరీక్ష మరీ ముఖ్యం. పాత్రలందరూ పెద్దవాళ్లే అయి ఉండాలి. ఇద్దరు పెద్దవాళ్ల మధ్య నమ్మకం, చనువు ఎలా పెరిగాయన్నదే ఇక్కడ అసలు కథ. గొడవ జరగకముందే ఒకరు సారీ చెప్పేశారనుకోండి, ఆ తర్వాత వచ్చే దగ్గరితనాన్ని ఎవరూ నమ్మరు.

2. లెక్క వేయండి

ఊళ్లో 6 చోట్లు, రోజుకు 4 పూటలు, వారానికి 7 రోజులు. మొత్తం 168 గడులు. కథ 5 దశలు దాటితే 840. ప్రతి గడిలో ఏదో ఒకటి జరగాలి. లేదంటే ఆటగాడు ఖాళీ గదుల తలుపులు తీసుకుంటూ తిరుగుతాడు, రోజు గడవడం కోసం పదే పదే నిద్రపోతాడు. 3డి బొమ్మలు చేసే డాజ్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో ఒక్క బొమ్మ రెండర్ కావడానికే, అంటే పూర్తి చిత్రంగా తయారవడానికే, కంప్యూటర్‌ను బట్టి, నిమిషాల నుంచి గంటల దాకా పడుతుంది. ఊరి మ్యాపు, పూటలు పెట్టి పేరు తెచ్చుకున్న సమ్మర్‌టైమ్ సాగా అనే అడల్ట్ గేమ్ వెనుక ఒక బృందం ఉంది. దాన్ని చూసి ఒక్కరే అంత ఊరు కట్టబోతే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

3. పిట్టకథలకు చోటివ్వండి

రెండిట్లో ఒకటే ఎంచుకోవాలని లేదు. హరికథలో హరిదాసు అసలు కథ నడుపుతూనే మధ్యలో పిట్టకథ చెప్పి మళ్లీ దారిలోకి వస్తాడు. ఒంటరి డెవలపర్‌కు నేను చెప్పేది ఈ పద్ధతే. వెన్నెముక లీనియర్‌గా ఉంచండి. అధ్యాయానికి ఒకచోట, ఒకే సాయంత్రం, మూడు నాలుగు గదుల్లో ఆటగాణ్ణి స్వేచ్ఛగా తిరగనివ్వండి. ఆ సాయంత్రం ముగిశాక ఆ గదులూ మూసుకుపోవాలి. బీయింగ్ ఎ డిక్ అనే అడల్ట్ గేమ్ చాలావరకు ఈ దారిలోనే నడుస్తుంది. కథ వరుసగానే సాగుతుంది, మధ్యలో కొన్నిచోట్ల తిరిగి చూసే వీలుంటుంది. తిరిగినందుకు చిన్న సంభాషణో, ఒక పాత్ర గతమో దొరకాలి. కథకు తప్పనిసరైన విషయాన్ని మాత్రం అక్కడ దాచకండి.

4. రెన్‌పైలో చిన్నగా మొదలుపెట్టండి

రెన్‌పై విజువల్ నవలలు తయారుచేసే ఉచిత ఇంజిన్. టామ్ రోథామెల్ తయారుచేసిన ఇది 2004 నుంచి ఉంది, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద నడుస్తుంది. వెన్నెముకకు లేబుల్ (సన్నివేశానికి పెట్టే పేరు), మెనూ (ఆటగాడి ముందు ఎంపికలు), జంప్ (మరో లేబుల్‌కు వెళ్లడం) చాలు. తిరిగే గదులకు ఒక స్క్రీన్ రాసి, దాన్ని కాల్ చేయండి.

ఒక్క జాగ్రత్త మాత్రం మొదటి రోజు నుంచే తీసుకోండి. ప్రతి వేరియబుల్‌ను, అంటే గేమ్ గుర్తుపెట్టుకునే ప్రతి విలువను, డిఫాల్ట్ (default) అనే మాటతోనే ప్రకటించండి. కొత్త భాగంలో కొత్త వేరియబుల్ చేర్చినప్పుడు పాత సేవ్ తెరిచినా దానికి విలువ అందుతుంది. ఆట మొదలయ్యే స్టార్ట్ లేబుల్ లోపల విలువ ఇస్తే పాత సేవ్‌కు అది తెలియదు, గేమ్ ఎర్రర్ చూపిస్తుంది. విడతలుగా విడుదల చేసేవాళ్లను ఈ చిన్న విషయం చాలా ఏడిపిస్తుంది.

5. పెద్దల సన్నివేశాన్ని విడిగా రాయండి

అలాంటి ప్రతి సన్నివేశానికీ సొంత లేబుల్ పెట్టండి. దాన్ని దాటేసినా కథ తెగకూడదు. వద్దనుకునే ఆటగాడికి అది మర్యాద, మీకు రక్షణ. ఆన్‌లైన్ గేముల దుకాణం స్టీమ్ 2018లో పెద్దల గేములకు తలుపు తీసింది. 2025 జూలైలో చెల్లింపు సంస్థల ఒత్తిడితో అదే స్టీమ్ కొన్నిటిని తీసేసింది, ఇచ్.ఐఓ అనే మరో దుకాణం అలాంటి గేములను వెతుకులాటలో కనిపించకుండా చేసింది. భారత్‌లో ఉండి చేసేవాళ్లు ఐటీ చట్టం 67ఏ సెక్షన్ తప్పకుండా చదవాలి. లైంగిక దృశ్యాలను ఎలక్ట్రానిక్ రూపంలో ప్రచురిస్తే మొదటిసారికే 5 ఏళ్ల దాకా జైలు, 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. విడుదలకు ముందు లాయర్‌ను కలవండి.

6. తప్పు వరుసలో ఆడి చూడండి

రెన్‌పై లాంచర్‌లో లింట్ అనే తప్పులు వెతికే సాధనం ఉంది. ఫైళ్లలో లేని బొమ్మలను, తప్పు లేబుళ్లను అది పట్టిస్తుంది. కథ వరుస చెడిందని మాత్రం అది చెప్పలేదు. అది మీరే చూడాలి. పిట్టకథ గదులను ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు, ఒక్కటీ తెరవకుండా, మూడు రకాలుగా ఆడండి. నాలుగు గదులైతే ఒక సాయంత్రంలో అయిపోతుంది.