తంగేడు గింజ మొలవాలంటే

మా సిరొంచ చుట్టుపక్కల తంగేడు ఎవరూ నాటకుండానే పెరుగుతుంది. అదే పెరట్లో గింజలు వేస్తే ఎన్నాళ్లైనా మొలకే లేదు. అడ్డం గింజ పెంకే. అది చాలా గట్టిది, నీటిని లోపలికి పోనివ్వదు. ఈసారి ఒక్కో గింజనూ గరుకు కాగితం మీద ఒక పక్క మాత్రమే, గోధుమరంగు నిగనిగ పోయేదాకా రుద్ది, గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెట్టాను. పొద్దున్నే చూస్తే చాలావరకు ఉబ్బాయి! వాటినే నాటాను, మొలిచాయి. ఉబ్బనివాటిని మళ్లీ రుద్దాలి.

తల్లివేరు లోతుగా దిగుతుంది. అందుకే కుండీ కన్నా నేలే మేలు, తొలకరిలో వేస్తే ఇంకా మంచిది. ఎండ బాగా తగలాలి, నీళ్లు నిలవకూడదు. ఎరువు గురించి టెన్షన్ వద్దు. బతుకమ్మకు పూలు కోసేటప్పుడు మాత్రం దయచేసి కొమ్మలు విరవకండి, కత్తెర వాడండి.