పాత బుల్లెట్ మరమ్మతు – 4వ పాఠం: సైలెన్సర్‌లో ఢాం, పాయింట్లలో జబ్బు

ప్లగ్ రంగు చూసి పెట్రోలు, గాలి పాళ్లు ఎలా పోల్చాలో పోయిన పాఠంలో చూశాం. ఈసారి బ్యాక్‌ఫైర్, అంటే మంట కార్బురేటర్‌లోనో సైలెన్సర్‌లోనో ఢామ్మని పేలడం. బండి అదే: పాయింట్లు (తెరుచుకోగానే ప్లగ్‌లో స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్), కాస్ట్ ఐరన్ ఇంజన్ ఉన్న బుల్లెట్ 350.

మొదట చప్పుడు ఎక్కడిదో తేల్చుకోండి. కార్బురేటర్ తుమ్ముతుంటే పెట్రోలు తక్కువ అందుతూ ఉండవచ్చు, స్పార్క్ మరీ ముందు పడుతూ ఉండవచ్చు, ఇన్‌లెట్ వాల్వ్ సరిగ్గా కూర్చోకపోయి ఉండవచ్చు. కిక్ కొట్టినప్పుడు కాలిని ఎదురు తంతే స్పార్క్ ముందు పడుతోందనే అనుమానించండి. అది సరిచేసేదాకా కిక్ జోలికి పోకండి, చీలమండ విరుగుతుంది. ఈ పాఠం మాత్రం సైలెన్సర్‌లో పేలే బండి గురించి.

థ్రాటిల్ వదిలినప్పుడే పేలుతుంటే పైపు లీకు చూడండి. ఇంజన్ చల్లగా ఉండగా బెండ్ పైపు హెడ్‌లోకి దూరే చోట సబ్బునీళ్లు రాసి స్టార్ట్ చేయండి. బుడగలొస్తే లీకే. అక్కడ లోపలికి పీల్చిన గాలి తగలగానే కాలని పెట్రోలు ఆవిరి భగ్గుమంటుంది. డీకంప్రెసర్ (కిక్ తేలికయ్యేలా సిలిండర్ ఒత్తిడి వదిలే చిన్న వాల్వ్) కేబుల్ బిగుసుకుపోయినా ఆ వాల్వ్ రవ్వంత తెరుచుకునే ఉంటుంది. కేబుల్‌కి కాస్త వదులు ఉంచండి.

బండి లాగుతున్నప్పుడు పేలుతుంటే కార్బురేటర్ విప్పకండి. చాలామంది చేసే తప్పు ఇదే. ముందు పాయింట్లు చూడాలి. పాయింటు మడమ, తిరుగుతూ దాన్ని నెట్టి తెరిచే కామ్‌కి రాసుకుని అరిగేకొద్దీ పాయింట్ల మధ్య గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, స్పార్క్ ఆలస్యమవుతుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరిచే వేళకీ మంట ఆరదు. పైపు నీలం తిరగడం దాని గుర్తే.

ఇగ్నిషన్ ఆపి ప్లగ్ తీయండి. సెంటర్ స్టాండ్ వేసి, టాప్ గేర్‌లో వెనక చక్రాన్ని ముందుకు తిప్పుతూ పాయింట్లు పూర్తిగా తెరుచుకునే చోట ఆపండి. అక్కడ ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పల్చటి రేకుల కట్ట) కొలిస్తే గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. ఉండాలి. రేకు కొద్దిగా పట్టు ఇస్తూ జారాలి. లాకింగ్ స్క్రూ బిగించాక మళ్లీ కొలవండి, బిగింపులో గ్యాప్ కదిలిపోతుంది. కొలిచే ముందే పాయింట్లను సన్న ఎమెరీ కాగితంతో రుద్ది, పెట్రోలు గుడ్డతో తుడిచి, చివరగా తెల్లకాగితం మధ్యలోంచి లాగండి. గుంటపడి ఒకవైపు మొటిమ లేచిన పాయింట్లకు ఫీలర్ గేజ్ తప్పు లెక్క చెబుతుంది. అలాంటివి మార్చేయడమే మేలు.

ఇంజన్ నడుస్తుండగా పాయింట్ల మధ్య పెద్ద మెరుపులు కనిపిస్తే కండెన్సర్ (ఆ మెరుపుల్ని అణిచే భాగం) పోయినట్టే. పాతది పెట్టుకుని కొత్త పాయింట్లు వేస్తే అవీ కొద్దిరోజుల్లోనే నల్లబడతాయి.

కామ్ మీద బియ్యపు గింజలో సగమంత గ్రీజు చాలు. ఎక్కువైతే పాయింట్ల మీద చిమ్మి మిస్‌ఫైర్ మొదలవుతుంది.

గ్యాప్ మారితే టైమింగ్ కూడా మారుతుంది. పిస్టన్ పైకొసకు 0.8 మి.మీ. ముందు పాయింట్లు తెరుచుకునేలా అమ్మీటర్ (కరెంటు ప్రవాహం చూపే మీటర్) ముల్లు చూస్తూ పెట్టడం 5వ పాఠంలో. దానికి బ్యాటరీ నిండుగా ఉండాలి, చార్జింగ్ పెట్టి ఉంచండి.