ఇసుకలో ఇళ్లు, 3వ భాగం: బొరియ చూసి కందిరీగను పోల్చడం

ముందు భాగంలో తుట్టె కట్టే కందిరీగలకూ, ఒంటరిగా నేల తవ్వుకునే కందిరీగలకూ తేడా చూశాం. ఒంటరి వాటిలో రాణి ఉండదు, పనివాళ్లు ఉండరు. ఒక్కో ఆడది తన బొరియ తానే తవ్వి, తన పిల్లకు తానే వేటాడి తెస్తుంది. కాపాడుకోవాల్సిన తుట్టె లేదు కాబట్టి మనుషుల మీదికి రాదు. చేత్తో పట్టుకుంటే మాత్రం కుడుతుంది. రెండడుగుల దూరంలో కూర్చోవడానికి టెన్షన్ అక్కర్లేదు.

ఈ భాగంలో నేర్చుకునేది ఒకటే. పురుగును పట్టకుండా, బొరియను తవ్వి చూడకుండా, ఆ ఇల్లు ఎవరిదో చెప్పడం.

మైపాడు వెళ్లినా, కొత్తపట్నం వెళ్లినా అలలు తడిపే చోట వెతక్కండి. అక్కడ కనిపించే పెద్ద బొరియలు ఎండ్రకాయలవి. ఇంకాస్త వెనక్కి రండి. రావణాసురుడి మీసాల గడ్డి, బాలబంద తీగ మొదలయ్యే చోట, సరుగుడు తోటకు ముందున్న పొడి ఇసుకలో ఎండ బాగా తగిలే ఖాళీ జాగా చూసుకుని కూర్చోండి. పొద్దున తొమ్మిది దాటాక ఇసుక వేడెక్కుతుంటే పని మొదలవుతుంది.

బొరియ కోసం కళ్లు చిట్లించి వెతకడం దండగ. ఇసుక కందిరీగ బెంబిక్స్ బయటికి వెళ్లేటప్పుడు ప్రతిసారీ తలుపు వేసినట్టు ఇసుకతో మూసేసి పోతుంది. మీ కళ్లముందు ఉన్నా కనపడదు. అందుకే నేలను కాదు, నేలకు జానెడు పైన గాలిని చూడండి. పసుపు లేదా తెల్ల పట్టీలున్న ఒక పురుగు వేగంగా వచ్చి, ఒకేచోట క్షణం ఆగి, ఏమీ లేని ఇసుక మీద దిగుతుంది. దిగీ దిగగానే తవ్వుతుంది. ముందుకాళ్లకు దువ్వెన పళ్లలా బిరుసు వెంట్రుకల వరస ఉంటుంది. ఆ కాళ్లతో ఇసుకను పొట్ట కిందుగా వెనక్కి చిమ్ముతుంది. కొద్ది క్షణాల్లో కన్నం తెరుచుకుంటుంది, పురుగు లోపలికి పోతుంది. ఆ క్షణంలో పొట్ట కింద చూడండి. నడిమి కాళ్లతో అదిమి పట్టుకున్న ఈగ కనిపిస్తే మీకు జవాబు దొరికినట్టే. ఈ ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) ప్రపంచం మొత్తం మీద 350 దాకా జాతులున్నాయి, ఎక్కువ జాతుల వేట ఈగలే.

వేటను చూసి ఇంటివారిని పోల్చడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. మిడతను మీసాలు పట్టుకుని నేల మీద లాక్కుపోతుంటే స్ఫెక్స్ అనుకోండి. అది వేటను వాకిట్లో పెట్టి, ఒకసారి లోపలికెళ్లి చూసొచ్చి, అప్పుడు లాక్కుంటుంది. దారం లాంటి సన్నని నడుముతో పచ్చపురుగును మోస్తుంటే అమోఫిలా. బొరియ పూడ్చాక కొన్ని అమోఫిలాలు చిన్న రాయిని నోట కరిచి పట్టుకుని మట్టిని దిమ్మిసా చేస్తాయి. ఇది చూసిన రోజు తేదీ రాసి పెట్టుకోండి, అంత తేలిగ్గా దొరికే దృశ్యం కాదు. పెంకుపురుగును తెస్తే సెర్సెరిస్ అయ్యే అవకాశం ఎక్కువ. సాలీడును వెనక్కి నడుస్తూ ఈడుస్తుంటే అది వేరే కుటుంబం, మన పాఠంలోకి రాదు.

తెచ్చిన వేట చాలావరకు చచ్చింది కాదు, ముల్లుతో కుట్టి కదలకుండా చేసింది. దాని మీద గుడ్డు, గుడ్డులోంచి వచ్చిన పిల్లకు అదే తిండి. భ్రమరకీట న్యాయం అని మన పెద్దలు చెప్పేది గుర్తుందా? కందిరీగ పురుగును తెచ్చి, చుట్టూ ఝుంకారం చేసి తనలా మార్చేస్తుందని. లోపలికి పోయింది పురుగు, బయటికి వచ్చింది కందిరీగ. అంతవరకు వాళ్లు చూసింది నిజమే. మధ్యలో జరిగినదే కనపడలేదు. చాలా తవ్వుడు కందిరీగలు ఒక్క గదికి సరిపడా వేట పెట్టేసి శాశ్వతంగా మూసేస్తాయి. బెంబిక్స్ అలా కాదు, పిల్ల పెరిగేకొద్దీ రోజూ ఈగలు తెస్తూనే ఉంటుంది. వరసగా కొన్ని రోజులు ఒకే చోటికి ఈగలు వస్తుంటే లోపల పిల్ల ఉందని రాసుకోవచ్చు.

మరి మూసిన ఇంటిని అంత ఇసుకలో ఎలా గుర్తుపడుతుంది? 1932లో అచ్చయిన పరిశోధనలో డచ్ జీవశాస్త్రవేత్త నీకో టిన్‌బర్గెన్ దీన్ని తేల్చాడు. హాలండ్‌లో తేనెటీగలను వేటాడే ఫిలాంథస్ బొరియ చుట్టూ పైన్ కాయలు గుండ్రంగా పేర్చి, అది అలవాటు పడ్డాక, వేటకు పోయినప్పుడు ఆ వలయాన్ని అడుగు దూరం జరిపాడు. తిరిగొచ్చిన కందిరీగ అసలు బొరియను వదిలేసి కాయల నడుమ దిగింది. 1973లో ఆయన నోబెల్ అందుకున్నవారిలో ఒకరు. మనకు పైన్ కాయలు అక్కర్లేదు, తోటలో సరుగుడు కాయలు కావలసినన్ని రాలి ఉంటాయి. అది లోపల ఉన్నప్పుడు పేర్చండి. బయటికొచ్చి గాల్లో వంకర్లు తిరుగుతూ చుట్టూ చూసుకుని పోతుంది. రెండు మూడు రాకపోకలు అయ్యాక జరిపి చూడండి. చూడగానే వలయాన్ని మళ్లీ బొరియ చుట్టూ పెట్టేయండి. లోపల పిల్ల తిండి కోసం కాచుకుని ఉంటుంది.

ఇక ఎక్కడెక్కడ ఉంటాయన్నది. ఎండితే నెర్రెలిచ్చి, తడిస్తే ఉబ్బే ఒంగోలు వైపు నల్లరేగడిలో సొరంగం నిలవడం కష్టం, ముందుగా అక్కడ వెతక్కండి. కనిగిరి, ఉదయగిరి వైపు ఎర్రనేలల్లో కాలిబాటల అంచులు, చేల గట్లు చూడండి. అక్కడ స్ఫెక్స్, అమోఫిలా కోసం కాచుకోవాలి. పెన్నా ఇసుక తిన్నెలను కూడా వదలొద్దు. బెంబిక్స్ పిల్ల ఇసుక రేణువులను పట్టుతో అతికి గట్టి గూడు చేసుకుని, చాలా జాతుల్లో జానెడుకు అటూ ఇటూ లోతులో నిద్రపోతుంది. ఇసుక లారీకి ఎత్తినప్పుడు ఆ గూళ్లూ పోతాయి. ఒక తిన్నెలో అవి ఉన్నాయని ఎవరో ఒకరు ముందే రాసి ఉంచకపోతే, పోయిన సంగతి కూడా ఎవరికీ తెలియదు. ఈ పాఠాలు రాస్తున్నది ముఖ్యంగా అందుకే.

ఈ వారం పని: నాలుగు పుల్లలు, తాడుతో మీటరు చదరం గుర్తు పెట్టుకోండి. ఒకటి పొడి ఇసుకలో, ఒకటి చెట్టు నీడలో, ఒకటి గట్టి నేలలో. ఒక్కో చోట అరగంట కూర్చుని టైము, ఎండా నీడా, ఎన్నిసార్లు ఏది దిగింది, ఏం తెచ్చింది రాయండి. ఏమీ రాకపోతే సున్నా రాయండి, ఆ సున్నా లేకుండా ఎక్కడ ఏవి ఉన్నాయో చూపే మ్యాపు తయారు కాదు. కందిరీగ వెనకాలే చిన్న బూడిదరంగు ఈగ అంటిపెట్టుకుని ఎగురుతుంటే దాన్నీ రాయండి. కందిరీగ తెచ్చిన తిండి మీద తన పిల్లల్ని వదిలే ఆ ఈగ గురించి 4వ భాగంలో.