పర్లాకిమిడి తెలుగువాళ్లను మనసు గురించి అడగాలంటే

మా పర్లాకిమిడిలో చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది ఒడియా. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఊరు అటు చేరింది. అందుకని ఇక్కడ సైకాలజీ సర్వే చేసేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే: తెలుగులో అచ్చువేసిన కాగితం చేతికిచ్చి నింపమనకండి. మీరే చదివి వినిపించండి. ప్రతి ప్రశ్నా ఒక్కసారి వినగానే అర్థమవ్వాలి.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చిపోయాక, జనంలో మిగిలిన భయం మీద ఎం.ఏ. ప్రాజెక్టు చేశాను. 'మీరు తీవ్ర ఆందోళనకు లోనయ్యారా?' అని మా పిన్నిని అడిగితే, 'ఆందోళనలు రోడ్డు మీద కూర్చునేవాళ్లు చేస్తారు, నాకెందుకమ్మా?' అంది. ఒడియాలోనూ ఆ మాటకు ఉద్యమమనే అర్థం ఉంది. ఆ ప్రశ్న కొట్టేసి, 'గాలి గట్టిగా వీస్తే గుండె దడదడలాడుతోందా?' అని రాశాను. వెంటనే జవాబు చెప్పింది. దిగులు, బెంగ, కంగారు, టెన్షన్ ఒకటి కావు. ఎవరు ఏ బాధకు ఏ మాట వాడుతున్నారో పదిమంది దగ్గర కూర్చుని విన్నాకే రాయడం మొదలుపెట్టండి.

'లేదు'తో ముగిసే వాక్యాలు అసలు వద్దు. 'నాకు నిద్ర పట్టడం లేదు, ఔనా కాదా?' అని అడిగితే ఒకరు 'లేదు' అంటారు. నిద్ర పట్టడం లేదనా, అలాంటి బాధే లేదనా? 'అవును' అన్నా తేలదు. ఇలాంటి జవాబులు చాలా పారేయాల్సి వచ్చింది నాకు. 'రాత్రి ఎన్నింటికి నిద్ర పట్టింది?' అంటే చిక్కు లేదు. నిద్ర, ఆకలి కలిపి ఒకే ప్రశ్నలో అడగకండి.

'అస్సలు కాదు' నుంచి 'పూర్తిగా అవును' దాకా ఐదు జవాబుల్లో ఒకటి ఎంచుకోమనే స్కేలును అమెరికా సైకాలజిస్టు లికర్ట్ 1932లో ప్రతిపాదించాడు. దాన్ని చెవితో విని గుర్తుపెట్టుకోవడం పెద్దవాళ్లకు కష్టం. ఐదు గ్లాసుల్లో నీళ్లు ఖాళీ నుంచి నిండుదాకా పోసి చూపించండి, వేలు పెట్టి చెప్తారు. 'గత రెండు వారాల్లో' అనే బదులు 'రెండు సంతల నుంచి' అనండి.

డిప్రెషన్‌ను తొమ్మిది ప్రశ్నలతో కొలిచే పీహెచ్‌క్యూ-9 లాంటి తయారు ప్రశ్నావళిని మాత్రం మీ ఇష్టానికి మార్చకండి. మార్చక తప్పకపోతే, ఇంగ్లీషు మూలం చూడని మరొకరితో మీ తెలుగును తిరిగి ఇంగ్లీషులోకి రాయించి, రెండూ పోల్చండి. మాట మారితే, ఎన్ని మార్కులు దాటితే సమస్య ఉన్నట్టో చెప్పే పాత హద్దులు నేరుగా పనికిరావు, మళ్లీ పరీక్షించాలి. ఆ తర్వాత ఐదారుగురిని, 'నేనేం అడిగానో మీ మాటల్లో చెప్పండి' అని అడిగి చూడండి.

పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చావు తలపుల గురించి. పక్కింటివాళ్లు వింటుండగా అది అడగొద్దు. బయల్దేరే ముందే దగ్గరి ఆసుపత్రిలో ఎవరి దగ్గరికి పంపాలో కనుక్కుని, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబరు 14416 రాసిన చీటీలు సంచిలో పెట్టుకోండి. అలాంటి తలపులు వస్తున్నాయని ఎవరైనా చెబితే, పెన్ను పక్కన పెట్టి వాళ్ల దగ్గరే కూర్చోండి. మిగతా ప్రశ్నలు ఆ రోజుకు వద్దు.