ఎం.ఏ. తెలుగులో చేరారా? ముందు పద్యం పైకి చదవండి

ఎం.ఏ. తెలుగులో సీటు వచ్చిన పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "మేడమ్, ఏ గైడు కొనమంటారు?" ఇరవై రెండేళ్లుగా డిగ్రీ కళాశాలలో తెలుగు చెబుతున్నాను, ఇంతవరకు ఒక్కరికీ గైడు పేరు చెప్పలేదు. ఎందుకో చెప్పాలంటే నా పరువు కాస్త తీసుకోవాలి.

నేను ఎం.ఏ. చదివేటప్పుడు మొదటి ఏడాది నన్నయ భారతంలోని శకుంతలోపాఖ్యానం మీద పదహారు పేజీల వ్యాసం రాశాను. అక్షరరమ్యత, ప్రసన్నకథాకలితార్థయుక్తి, నానారుచిరార్థసూక్తినిధిత్వం, నన్నయ తన కవిత్వానికి చెప్పుకున్న ఈ గుణాలన్నీ గైడులో ఉన్న వరసలోనే దింపాను. మార్కులు బాగానే పడ్డాయి. తర్వాత మౌఖిక పరీక్షకు బయటినుంచి వచ్చిన పెద్దాయన నా కాగితాలు తిరగేసి, "అక్షరరమ్యత అని తొమ్మిదిసార్లు రాశావమ్మా. ఒక్క పద్యం చదువు, ఆ రమ్యత ఎక్కడుందో విందాం" అన్నారు. వార్తలు చదివినట్టు గడగడా చదివేశాను. ఆయన ఏమీ అనలేదు. కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. "ప్రసన్నకథాకవితార్థయుక్తి" అని ఇంకో పాఠాంతరం ఉందని, ఆ ఒక్క అక్షరం మీద పండితులు ఏళ్ల తరబడి వాదించుకున్నారని కూడా ఆ రోజే తెలిసింది. నా గైడు ఒకటే పాఠం ఇచ్చి ఊరుకుంది.

కాబట్టి మొదటి పని: మూలం కొనండి, లేదా గ్రంథాలయంలో తీసుకోండి. రోజుకు మూడు పద్యాలు చాలు. తలుపు వేసుకుని పైకి చదవండి. టీకా తాత్పర్యాల జోలికి అప్పుడే పోవద్దు. రెండుసార్లు చదివాక పెన్సిలుతో గురులఘువులు పెట్టండి. దుష్యంతుడి కొలువులో శకుంతల చెప్పే ప్రసిద్ధ పద్యం మొదటి పాదం తీసుకుందాం:

నుతజల పూరితంబులగు నూతులు నూరిటికంటె సూనృత

ఇరవై ఒక్క అక్షరాలు. న, జ, భ, జ, జ, జ, ర గణాలు. చంపకమాల. పదకొండో అక్షరం దగ్గర యతి. మొదటి 'ను'కు అక్కడ 'నూ' సరిగ్గా పడింది. ఇంతవరకు అందరూ చేస్తారు. చివరికి వచ్చేసరికి ఆగిపోతారు. రగణం అంటే గురువు, లఘువు, గురువు కదా, పాదం చివరి 'త' లఘువేమిటి? నన్నయ తప్పాడా అని నా విద్యార్థి ఒకడు ఉత్సాహంగా లేచి నిలబడ్డాడు కూడా. రెండో పాదం మొదలు చూడండి: "వ్రత". అది 'సూనృతవ్రత' అనే సంబోధన, సత్యమే వ్రతంగా గలవాడా అని. కింది పాదంలోని 'వ్ర' పై పాదంలోని 'త'ను బరువెక్కించింది. అంటే పాదం చివర ఊపిరి తీసుకోవడానికి లేదు, కిందికి దిగాల్సిందే. మూడు పాదాల చివరా ఇదే పద్ధతి. నిండు సభలో మొగుడు నువ్వెవరో నాకు తెలియదంటుంటే, ఆమె మాట ఎక్కడా తెగకుండా నాలుగో పాదంలోని 'సూనృత వాక్యం' దాకా పరుగెత్తుతుంది. ఇది ఏ గైడులో ఉన్నా మీకు వంటబట్టదు, మీ గొంతుకు తగలాలి. అన్నట్టు, రెండో పాదంలో 'వ్ర'కు 'బా' యతి ఎలా చెల్లిందో మీరే వెతకండి. దొరికితే ఆ సూత్రం ఇక మరచిపోరు.

రెండో పని నిఘంటువు. ఇదే పద్యంలో నూరు నూతుల కంటె ఒక బావి మేలు అంటుంది శకుంతల. మాది అనంతపురం వైపు, మాకు బావి తప్ప నుయ్యి లేదు. గోదావరి జిల్లా నుంచి వచ్చిన నా గదిసహచరికి నుయ్యి తప్ప బావి లేదు. ఇద్దరం ఒకే గుంటను రెండు పేర్లతో పిలుస్తున్నామనుకున్నాం. అలాగైతే పద్యానికి అర్థమే లేదు. ఇక్కడ బావి అంటే సంస్కృతంలోని వాపి, మెట్లున్న పెద్ద దిగుడుబావి. తెలిసిన మాటే మోసం చేస్తుంది, తెలియని మాట ఎలాగూ వెతికిస్తుంది. అందుకే తెలిసిందనుకున్న మాటకే ముందు నిఘంటువు తీయండి. శబ్దరత్నాకరం ఒకటి, బ్రౌన్ ఒకటి దగ్గర ఉంచుకోండి. ఆంధ్రభారతి వెబ్‌సైటులో చాలా నిఘంటువులు ఒకేచోట వెతకవచ్చు, ఫోనులో కూడా. మా రోజుల్లో ఇది లేదని ఏడవను గాని, లేదు.

వ్యాకరణం గురించి ఒక్క మాటే. చిన్నయసూరి బాలవ్యాకరణాన్ని బట్టీ పట్టవద్దు. ఒక్కో సూత్రానికి మీరు చదువుతున్న పద్యాల నుంచే ఉదాహరణ ఏరి నోటుపుస్తకంలో రాసుకోండి.

ఆధునిక సాహిత్యంలో అందరూ కథలు, నవలలు తేలికని వాటి సారాంశాలు చదివి వదిలేస్తారు. నేనైతే మొదటి సెమిస్టరులోనే కన్యాశుల్కం రెండు కూర్పులూ పక్కపక్కన పెట్టుకోమంటాను. 1897లో అచ్చయినది ఒకటి, 1909లో గురజాడ తిరగరాసినది ఒకటి. రెండోది చాలా పెద్దది. ఏం పెంచాడు, ఎవరికి కొత్త మాటలు ఇచ్చాడు, మధురవాణి ఎంత ఎదిగింది, పెన్సిలు పట్టుకుని గుర్తు పెట్టండి. పదిహేను రోజులు పడుతుంది. ఆ పదిహేను రోజుల్లో సాహిత్య విమర్శ అనే పేపరు సగం చదివినట్టే.

ఇక సంస్కృతి. జానపద విజ్ఞానం పేపరు రాగానే పిల్లలు సులువనుకుంటారు, ఊరికి వెళ్లి నాలుగు పాటలు రికార్డు చేసుకొస్తే సరిపోతుందని. నేనూ అలాగే వెళ్లాను, ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు, తోలుబొమ్మల వాళ్ల ఇళ్లకు. టేపురికార్డరు ముందు పెట్టి, "ఈ కళ ప్రాముఖ్యం ఏమిటి?" అని అడిగాను. పెద్దాయన కరపత్రం చదివినట్టు జవాబు చెప్పాడు. నాకు ముందు ఎంతమంది అదే అడిగారో! ఏమీ తోచక గోడకు ఆనించిన హనుమంతుడి బొమ్మ చూపించి, "ఈ మోచేతికి అతుకు వేశారే, ఏమయింది?" అన్నాను. అంతే, గంటన్నర మాట్లాడాడు. మేకతోలు ఎలా శుభ్రం చేస్తారు, కీలు దగ్గర ఎందుకు చిరుగుతుంది, ఏ ఊరి ఆటలో చిరిగింది, రామాయణం మధ్యలో హాస్యపాత్రలు బంగారక్క, కేతిగాడు తెరమీదికి ఎందుకు రావాలి, అన్నీ ఆ అతుకులోంచే బయటికి వచ్చాయి.

కాబట్టి వెళ్లే ముందు ప్రశ్నావళి రాసుకోండి, వెళ్లాక దాన్ని సంచిలోనే ఉంచండి. కంటికి కనిపించే వస్తువు గురించి అడగండి. రికార్డు చేయవచ్చా అని ముందే అడగండి. ఆ రాత్రే రాసుకోండి, రేపటికి మాటల వరస మారిపోతుంది. వాళ్ల మాటను మీ గ్రాంథికంలోకి దిద్దవద్దు. ఇంకో సంగతి. ఆ ఇంట్లో వాళ్లు తమలో తాము మాట్లాడుకునేది మరాఠీ కలిసిన మాట. తెర వెనక పాడేది రంగనాథ రామాయణ ద్విపద. ఇది తెలుగు కళ అని ఒక్క ముక్కలో రాసేద్దామని వెళ్లిన నాకు ఆ ఒక్క ముక్క చాలలేదు. ద్విపద పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం అని తరగతిలో నేర్చుకున్నది అక్కడ మద్దెల దెబ్బతో వినిపించింది. ఛందస్సును, జానపదాన్ని వేర్వేరు నోటుపుస్తకాల్లో పెట్టడం ఆ రోజుతో మానేశాను.

ఉద్యోగం సంగతి అడగకుండా ఉండరు, మీ నాన్నగారైనా అడుగుతారు. అధ్యాపక వృత్తికి నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాయండి. మొదటి పేపరులో 50, తెలుగులో 100 ప్రశ్నలు, మొత్తం 300 మార్కులు. సివిల్స్‌లో తెలుగు సాహిత్యం ఐచ్ఛికంగా తీసుకోవచ్చు. పత్రికలు, అనువాదం, సినిమాలకు సబ్‌టైటిళ్లు రాయడం ఉన్నాయి. జీతాల గురించి నేను గొప్పలు చెప్పను.

చివరి సెమిస్టరులో ప్రాజెక్టు బైండింగుకు ఇచ్చేటప్పుడు ఒక ప్రతి ఎక్కువ చేయించండి. శాఖకు ఒకటి, మార్గదర్శికి ఒకటి, మీకొకటి, ఆ నాలుగోది మీకు మాటలు చెప్పినవాళ్లకు. పోస్టులో పంపవద్దు, తీసుకెళ్లి ఇవ్వండి. నేను ఇచ్చిన ప్రతిని నిమ్మలకుంట పెద్దాయన మనవరాలు అరుగుమీద కూర్చుని ఆయనకు చదివి వినిపించింది. నలభై మూడో పేజీ దగ్గర ఆయన చెయ్యెత్తి ఆపాడు. "ఆ ఊరు కాదమ్మా, దాని పక్క ఊరు" అన్నాడు. పెన్ను తీసి అక్కడే దిద్దాను. నా దగ్గరున్న ప్రతిలో ఇప్పటికీ తప్పు ఊరే ఉంది.