నలుగురు తల్లులతో మొదలుపెట్టండి

పాతికేళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. జియోమాన్సీ నన్ను పట్టుకున్నది దాని సరి-బేసి లెక్కతోనే. అరబ్బులు ఇసుకలో చుక్కలు పెట్టి ప్రశ్న చెప్పే విద్య ఇది. 12వ శతాబ్దంలో స్పెయిన్‌లో లాటిన్‌లోకి మారి యూరప్ అంతా పాకింది. మన రమల ప్రశ్న పేరు కూడా ఇసుక అని అర్థమున్న అరబ్బీ మాట ‘రమ్ల్’ నుంచి వచ్చిందే.

కొత్తవాళ్లు ముందే పదహారు రూపాల (చుక్కల గుర్తుల) అర్థాలు బట్టీ పడుతుంటారు. వద్దు. పటం వేయడం ముందు చేతికి రావాలి.

నేను వేసిన ప్రశ్న ఒకటి చెబుతాను: “మా చెల్లెలికి ఈ ఏడు సొంతూరికి బదిలీ అవుతుందా?” ప్రశ్న మనసులో ఉంచుకుని, లెక్కపెట్టకుండా, పెన్సిలుతో పదహారు వరసల చుక్కలు పెట్టాను. తర్వాత ఒక్కో వరసా లెక్కించాలి. బేసి అయితే ఒక చుక్క, సరి అయితే రెండు. నాలుగేసి వరసలకు ఒక రూపం: తల, మెడ, ఒళ్లు, పాదాలు. నా మొదటి నాలుగు వరసలు 13, 12, 15, 14. అంటే 1-2-1-2. పేరు అమిస్సియో, నష్టం. తర్వాతివి 1-1-2-2, 2-1-1-2, 2-2-1-2. ఈ నలుగురూ తల్లులు. వీళ్లను కుడి నుంచి ఎడమకు రాయాలి, అరబ్బీ రాతలాగే.

నలుగురి తలలూ వరసగా తీసుకుంటే మొదటి కూతురు, 1-1-2-2. మెడలతో రెండో కూతురు, ఒళ్లతో మూడో కూతురు, పాదాలతో నాలుగో కూతురు. ఇక మిగిలింది కూడికే. పక్కపక్కనున్న ఇద్దరి చుక్కలను తలకు తల, మెడకు మెడ కలపండి. బేసి వస్తే ఒకటి, సరి వస్తే రెండు. అలా ఎనిమిది మంది నుంచి నలుగురు మేనకోడళ్లు, వాళ్ల నుంచి ఇద్దరు సాక్షులు, చివరికి ఒక న్యాయాధిపతి.

నాకు ప్రాణమైన చోటు ఇక్కడే. న్యాయాధిపతి చుక్కల మొత్తం ఎప్పుడూ సరిసంఖ్యే. తల్లుల చుక్కలనే అడ్డంగా చదివితే కూతుళ్లు వచ్చారు కదా, రెండు వైపుల మొత్తం ఒకటే (నా పటంలో 25, 25). రెండూ కలిస్తే సరి కాక ఏమవుతుంది? అందుకే పదహారులో ఎనిమిది రూపాలే న్యాయాధిపతి కాగలవు. బేసి వచ్చిందా, ఎక్కడో కూడిక తప్పారు. వెనక్కి వెళ్లి చూడండి.

నాకు కుడి సాక్షి ఆల్బస్, 2-2-1-2: నిదానం. ఎడమ సాక్షి ట్రిస్టీషియా, 2-2-2-1: దుఃఖం. న్యాయాధిపతి ఫోర్టూనా మేజర్, 2-2-1-1: ఆలస్యంగానైనా నిలబడే మేలు. కుడివైపు అడిగేవాళ్లది, జరిగిపోయినది. ఎడమవైపు అడిగిన పనిది, రాబోయేది. బదిలీ అవుతుంది, కష్టపెట్టాకే అవుతుందని చదివాను.

రూపాల్లో కాపుట్ డ్రకోనిస్, కౌడా డ్రకోనిస్ కనిపిస్తే బెదరకండి. మన రాహుకేతువులే అవి. ఒకే ప్రశ్నను అదే రోజు మళ్లీ వేయకండి. తేదీ, ప్రశ్న, పటం మూడూ ఒకే పేజీలో రాసి, కింద సగం ఖాళీ వదలండి. ఏం జరిగిందో తర్వాత అక్కడే రాసుకోవాలి.